రోము నగరపు ఫ్రాంచెస్కా: గృహమునందే నియమమును నడపిన యిల్లాలి చరిత్రము

భగవంతునియందు మనస్సును నిలుపగోరువాడు సంసారమును విడిచిపోవలయునా, సంసారమునందుండియే ఆ పనిని సాధింపవచ్చునా అను ప్రశ్న ఏ మతమునకును క్రొత్తది కాదు. సన్న్యాసమును గొనియాడు గ్రంథములు పెక్కులు గలవు. గృహస్థధర్మమును శ్లాఘించు గ్రంథములును గలవు. కాని తెల్లవారినది మొదలు రాత్రి ప్రొద్దుపోవువరకు పిల్లల యేడ్పులతోను, పనివాండ్ర తగవులతోను, బంధువుల రాకపోకలతోను, కొట్టుగది లెక్కలతోను కాలము గడపు ఇల్లాలికి మార్గమేది యని విచారించువారు తక్కువ. ఆరువందల యేండ్లకు పూర్వము రోము నగరమున ఒక యిల్లాలు ఈ ప్రశ్నకు గ్రంథము వ్రాసి కాక, నలువది సంవత్సరముల సంసారము నడపి యుత్తరము చెప్పెను. ఆమె పేరు ఫ్రాంచెస్కా. ఆమె చరిత్రమును చదువరులకు సంగ్రహముగా నివేదింప బూనినారము.

ముందుగా, ఆమె యాశ్రయించిన నియమావళి యెట్టిదో తెలిసికొనవలసియున్నది. ఇటలీ దేశమున నూర్సియా యను నూర క్రీ. శ. 480 ప్రాంతమున బెనెడిక్టు అను నాతడు పుట్టెను. చదువునకై రోమునకు వచ్చి, అచ్చటి నడవడికి రోసి, సుబియాకో కొండలలో నొక గుహయందు కొంతకాలము ఒంటరిగా నుండెను. పిమ్మట 529 ప్రాంతమున మొంతె కస్సీనో కొండపై మఠమును స్థాపించి, శిష్యులకొరకు డెబ్బదిమూడు చిన్న అధ్యాయములుగల నియమావళిని రచించెను. 547 ప్రాంతమున మరణించెను. ఆ నియమావళి దినమును ప్రార్థనకును, చేతిపనికిని, పఠనమునకును పంచిపెట్టుచున్నది. భోజనమునందును నిద్రయందును అతిని అది కోరదు. రోగుల సేవను అన్నిటికంటె ముందుంచుచున్నది. గుమ్మమునకు వచ్చిన యతిథిని క్రీస్తునిగా భావించి యాదరింపుమని బోధించుచున్నది. మఠమునందలి పారలను, కుండలను సైతము దేవుని బలిపీఠముపై నుంచు పాత్రలవలె జాగ్రత్తతో చూడుమని భాండారమును కాపాడువానికి విధించుచున్నది. ప్రార్థనకు సంకేతము వినబడినంతనే చేతిలోని పని సగములో నున్నను విడిచి లేవవలయుననునది అందలి మరియొక విధి. ఈ కడపటి విధిని చదువరులు మనస్సునం దుంచుకొందురుగాక. ముందు దానితో పని గలదు.

ఈ నియమావళి సన్న్యాసులకై పుట్టినదే. ఐనను కాలక్రమమున మఠముల చుట్టుప్రక్కల నుండు గృహస్థులు కొందరు, ఇల్లు విడువకయే, తమ్ము తాము ఒక మఠమునకు సమర్పించుకొని, తమ స్థితికి తగినంతవరకు నియమమును పాటింపసాగిరి. వీరికి ఒబ్లేటులని పేరు, సమర్పితులని యర్థము. 1313లో బెర్నార్డో తొలొమెయి మొంతె ఒలివెతో కొండపై వేసిన బీజమునుండి బెనెడిక్టు సంప్రదాయమునం దొక క్రొత్త శాఖ పుట్టెను. రోమునందు ప్రాచీన సభాస్థలమైన ఫోరము శిథిలముల నడుమనున్న సాంతా మరియా నోవా దేవాలయము ఈ శాఖవారి యధీనమునకు వచ్చెను. మన కథ అచ్చట ఆరంభమగుచున్నది.

ఫ్రాంచెస్కా 1384లో రోమునందు సంపన్నమైన కుటుంబమున జన్మించెను. తండ్రి పావొలో బుస్సా, తల్లి యాకొబెల్లా. తల్లి వెంట చిన్ననాటినుండియు సాంతా మరియా నోవాకు పోవుచు, అచ్చటి సన్న్యాసి యొకని నామె గురువుగా నెంచుకొనెను. పదునొకండేండ్ల వయస్సున తాను సన్న్యాసిని కాగోరుచున్నానని తండ్రితో చెప్పెను. తండ్రి యప్పటికే త్రాస్తెవెరె పేటలోని పొంజియాని వంశపు లోరెంజోకు ఆమెను ఇచ్చుటకు మాట యిచ్చియుండెను. బాలిక యేడ్చెను, తండ్రి వినలేదు. 1396లో వివాహము జరిగెను. అప్పటి కామెకు పండ్రెండేండ్లు.

ఈ వివాహమును మేము సమర్థింపజాలము. పండ్రెండేండ్ల బాలిక యిష్టమును త్రోసిపుచ్చి జీవితమును నిర్ణయించుట యే దేశమున జరిగినను అన్యాయమే. లోరెంజో సాధుశీలుడై భార్యను గౌరవించినవాడగుట ఆమె యదృష్టము. ఆ యదృష్టము తండ్రి చేసినదానిని ఒప్పుగా మార్చదు. పెండ్లియైన కొంతకాలమునకే ఆ బాలిక తీవ్రమైన జబ్బుపడి, బహుదినములు ప్రాణాపాయస్థితియం దుండెను. నోటితో చెప్పజాలని దానిని శరీరము చెప్పినదని మేము తలంచుచున్నాము.

ఆ యింట నామెకు తోడు దొరకెను. లోరెంజో యన్నయగు పలుజ్జో భార్య వన్నొజ్జా. క్రొత్త కోడలు చాటున నేడ్చుచుండుట చూచి వన్నొజ్జా కారణ మడిగెననియు, తన మనస్సుకూడ చిరకాలమునుండి అట్టి జీవనమునే కోరుచున్నదని తెలిపెననియు చెప్పుదురు. తోడికోడండ్రు ఇద్దరును నాటినుండి ప్రాణస్నేహితురాండ్రైరి. ఇంటిపనులు ముగించుకొని, పట్టుబట్టలు మాని ముతకబట్టలు కట్టి, సాంతో స్పిరితో ఆసుపత్రికి పోయి రోగులకు పరిచర్య చేయుచుండిరి. పెద్దయింటి కోడండ్రు బీదల వాడలలో తిరుగుట చూచి బంధువులు పరిహసించిరి. లోరెంజో వారించలేదు.

అత్తగారు చెచీలియా మరణించిన పిమ్మట ఇంటి పెత్తన మెవరిదను ప్రశ్న వచ్చెను. వన్నొజ్జా పెద్దకోడలు, అయినను మామగారు ఆంద్రెయొజ్జో తాళపుచెవులను ఫ్రాంచెస్కాకే యిచ్చెను. ఆమె వలదని వేడుకొనెను గాని వన్నొజ్జాయే ఆమెను ఒప్పించెను. అప్పటి కామెకు ఇరువదియేండ్లైనను లేవు. మఠమున భాండారి యెట్లుండవలయునో బెనెడిక్టు ఒక అధ్యాయమున వివరించియున్నాడు: గర్వి కారాదు, లోభి కారాదు, దుబారా చేయరాదు, అడిగినది లేనప్పుడు మంచిమాటయైన ఇవ్వవలయును. త్రాస్తెవెరెలోని యా పెద్దయింట ఆమె ఈ యధ్యాయమును అక్షరాల ఆచరణమునం దుంచెను. పనివాండ్రను తోబుట్టువులుగా చూచెను. వారికి జబ్బుచేసినప్పుడు తానే కూర్చుండి సేవచేసెను. బత్తిస్తా, ఎవాంజెలిస్తా అను కుమారులను, ఆగ్నేసె అను కూతురును కని, దాదుల చేతి కప్పగింపక తానే పెంచెను.

ఈ కాలమునకు సంబంధించినదే ఆమెనుగూర్చి ప్రసిద్ధికెక్కిన యొక కథ. ఒకనా డామె ప్రార్థనలు చదువుచుండగా భర్త పిలిచెను. పుస్తకము మూసి, పోయి, పని చూచి వచ్చి, విడిచిన పంక్తినే మరల నారంభించెను. మరల పిలుపు వచ్చెను. ఇట్లు నాలుగుమారులు ఆ పంక్తియొద్దనే చదువు నిలిచెను. నాలుగుమారులును ఆమె విసుగక లేచెను. కడపట తిరిగివచ్చి చూడగా ఆ పంక్తి బంగారు అక్షరములతో వ్రాయబడియుండెనట. న్యాయస్థానములలో సాక్ష్యముల బలాబలములను తూచుటకు అలవాటుపడిన మేము బంగారు అక్షరములనుగూర్చి వాదింపము. నాలుగుమారులు విసుగులేక లేచుట మాత్రము నమ్మదగినదియు, బంగారముకంటె నరుదైనదియునై యున్నది.

ఇందు ఆమె జీవితరహస్య మున్నదని మా యభిప్రాయము. గంట వినబడినప్పుడు సన్న్యాసి చేతిపనిని సగములో విడిచి ప్రార్థనకు పోవలయునని బెనెడిక్టు విధించెను. ఈ యిల్లాలు ప్రార్థనను సగములో విడిచి చేతిపనికి పోయెను. చూచుటకు ఇవి రెండును విరుద్ధములు. కాని యా విధి యుద్దేశ మేమి? మనుష్యుడు తాను పట్టినదానిని, అది యెంత మంచిదైనను, తనదిగా బిగించి పట్టుకొనరాదు; పిలుపు రాగానే విడువగలిగి యుండవలయును. మఠమున నా పిలుపు గంటరూపమున వచ్చును. ఇంటిలో అది పసిపిల్ల యేడ్పుగాను, భర్త కేకగాను, గుమ్మమువద్ద భిక్షుకుని గొంతుగాను వచ్చును. ఫ్రాంచెస్కాకు గృహము మఠజీవనమున కడ్డుగోడ కాలేదు. గృహమునందలి ప్రతి యాటంకమును గంటగా విన నేర్చుకొనుటయే ఆమె నియమమయ్యెను.

శాంతికాలమున నిట్లుండుట సులభమని యెవరైన ననవచ్చును. ఆమె కాలము శాంతమైనది కాదు. 1378 మొదలుకొని పోపు పదవికి ఇద్దరు పోటీపడుచుండిరి. 1409లో మూడవవాడును చేరెను. ఈ కలహమును సందుగా గొని నేపుల్సు రాజగు లాదిస్లావు 1408లో రోమును పట్టుకొనెను. పొంజియానివారు పోపు పక్షమువారు. 1409లో జరిగిన పోరున లోరెంజో కత్తిపోటు తగిలి చావుబ్రదుకుల మధ్య ఇల్లు చేరెను. పగవారు బాలుడైన బత్తిస్తాను పూచీగా అప్పగింపుమని నిర్బంధించిరి. తల్లి వానిని దాచబోయెను. పిదప గురువు మాటపై తానే కాపిటోలు కొండకు వెంటబెట్టుకొనిపోయెను. ఆ సారి బిడ్డ తిరిగి తల్లి చేతికి వచ్చెను. కాని తరువాతి సంవత్సరములలో లోరెంజో ప్రవాసమునకు పోవలసి వచ్చెను, పలుజ్జో చెరబడెను, సైనికులు ఇల్లు కొల్లగొట్టిరి, పొలములు పాడయ్యెను. నగరమున మహామారి వ్యాపింపగా ఎవాంజెలిస్తా పసితనముననే దానికి బలియయ్యెను. కొలదికాలమునకు ఆగ్నేసెయు మరణించెను.

ముగ్గురు బిడ్డలలో నిద్దరను పోగొట్టుకొని, భర్త దూరమై, పైకప్పు పడిపోయిన యింటిలో మిగిలిన యా స్త్రీ యేమి చేసెను? ఆ పాడుపడిన యింటిలోని యొక భాగమును శుభ్రపరచి, వీధులలో పడియున్న రోగులను తెచ్చి యుంచి, ఆసుపత్రిగా మార్చెను. ఆహారము చాలనప్పుడు తానును వన్నొజ్జాయు ఇంటింటికి పోయి రోగులకొరకు బిచ్చమెత్తిరి. ఒకప్పుడు ధనికులైనవారు తాము గౌరవింపబడిన వీధులలోనే చేయి చాచుట యెంత కష్టమో చదువరులే యూహింతురుగాక. మూలికలతో తైలములును లేపనములును చేయుట యామెకు తెలియును. పుండ్లకు తానే పూయుచుండెను. ఊరి వెలుపల తమకు గల ద్రాక్షతోటనుండి కట్టెలు తెచ్చి బీదలకు పంచుచుండెననియు చెప్పుదురు.

దానమువిషయమున మామగారితో నామెకు గలిగిన వివాదమునుకూడ చెప్పవలసియున్నది. ఆంద్రెయొజ్జో దయలేనివాడు కాడు. సాంతా మరియా ఇన్ కాపెల్లా వద్ద ఆసుపత్రిని స్థాపించినవాడు. ఐనను కరవుకాలమున కోడలు ధాన్యమును పంచిపెట్టుట మేర మీరినదని భయపడి, కొట్టుల తాళపుచెవులను తీసికొనెను. అప్పుడు తోడికోడండ్రు ఖాళీ కొట్టున నేలపై పొట్టును చెరిగి, మిగిలిన గింజ లేరి, వానినే బీదలకు పెట్టిరి. ఆ కొట్టు తరువాత మంచి గోధుమలతో నిండియుండెనని భక్తులు చెప్పుదురు. దానిని నమ్ముటయు మానుటయు చదువరుల యిష్టము. మాకు తోచినంతవరకు ఇందు గమనింపవలసినది వేరొకటి. ఆమె మామగారి యధికారమును ఎదిరింపలేదు. దానమును మానను లేదు. మిగిలిన మార్గమును వెదకెను. కొంతకాలమునకు ఇంటివారే ఆమెకు స్వేచ్ఛ నిచ్చిరి.

1414లో లాదిస్లావు మరణించెను. లోరెంజో ఇల్లు చేరెను. ఆస్తియు చాలవరకు తిరిగి లభించెను. కాని యాతడు గాయములతోను కష్టములతోను కృశించియుండెను. ఇకమీదట దాంపత్యధర్మమునుండి ఆమెను విముక్తురాలిని చేసి, కోరిన విధముగా దైవసేవ చేసికొనుమని యామెకు స్వాతంత్ర్య మిచ్చెను. ఒక్కటి మాత్రము కోరెను: తాను బ్రదికియున్నంతవరకు ఇల్లు విడువరాదు. ఆమె యంగీకరించెను. ఆ కాలముననే బత్తిస్తాకు మొబీలియా యను కన్యతో వివాహమయ్యెను. ఈ కోడలు అత్తగారి ముతకబట్టలను, బీదలతోడి సాంగత్యమును నలుగురిలో నవ్వులపాలు చేసెను. ఫ్రాంచెస్కా బదులు చెప్పక సహించెను; కోడలికి జబ్బుచేసినప్పుడు రాత్రింబవళ్లు సేవచేసెను. మొబీలియా మనస్సు మారెను. ప్లేగు రోగులకు జంకక సేవచేసిన స్త్రీకి కూడ ఇంటిలోని యెత్తిపొడుపును సహించుట సులభమై యుండదని మేము తలంచుచున్నాము.

1425 ఆగష్టు 15వ తేదీన ఫ్రాంచెస్కాయు, మరికొందరు రోము స్త్రీలును సాంతా మరియా నోవా దేవాలయమున ఒలివెతో శాఖవారికి ఒబ్లేటులుగా తమ్ము సమర్పించుకొనిరి. ఎవరి యింట వారే యుండి నియమమును పాటించుటయే వారి సంకల్పము. ఎనిమిది సంవత్సరములకు, 1433 మార్చి 25వ తేదీన, కాపిటోలు కొండ పాదమున తోర్ దె స్పెక్కి యను ఇంటిలో సంసారబంధములు లేని సభ్యురాండ్రకు నివాస మేర్పడెను. నాలుగవ యూజెనియసు పోపు ఆ జూలైలో దాని నంగీకరించెను. అచ్చటివారు కఠినమైన శపథములు చేయరు; గోడలలోపల బంధింపబడరు; ప్రార్థించి, పనిచేసి, బీదల యిండ్లకు పోయి సేవచేసి వత్తురు. స్త్రీలకు పెండ్లియో మఠావరణమో తప్ప మూడవమార్గము లేదని యెంచబడిన కాలమున ఇది సామాన్యమైన యేర్పాటు కాదు.

ఐనను ఆ యిల్లు కట్టినయామె ఆ యింట ప్రవేశింపలేదు. మిగిలినవారు లోపలికి పోగా, ఆమె నదిదాటి త్రాస్తెవెరెకు తిరిగిపోయి భర్త మంచముకడ కూర్చుండెను. పదునొకండేండ్ల వయస్సున కోరినది కనులయెదుట సిద్ధమైయున్నను, ఇచ్చిన మాటకై మూడు సంవత్సరములు వాకిటనే నిలిచెను. 1436లో లోరెంజో మరణించెను. ఆ మార్చి 21వ తేదీన, బెనెడిక్టు పుణ్యతిథినాడు, ఆమె తోర్ దె స్పెక్కి చేరి, అందరికంటె కడపటి దానిగా నన్ను స్వీకరింపుడని ప్రార్థించెను. వారు ఆమెనే అధ్యక్షురాలిగా ఎన్నుకొనిరి.

ఆమెయందు దోషమే లేదని చెప్పుట మా యుద్దేశము కాదు. ఆమె తన శరీరమును మితిమీరి హింసించెను. తిండియు నిద్రయు అతిగా తగ్గించెను. మితమునే ప్రధానముగా బోధించిన బెనెడిక్టు నియమావళి ఇట్టిదానిని కోరలేదు. దర్శనములును అద్భుతములును ఆమె కథలో పెక్కులు గలవు. ఆమె గురువు జొవన్ని మత్తియొత్తి వానిని వ్రాసియుంచెను. వానిని మేము ప్రమాణముగా గైకొనలేదు. కాని ఆమె మరణానంతరము 1440, 1443, 1451 సంవత్సరములలో మతాధికారులు విచారణలు జరిపి, ఆమె నెరిగినవారి వాఙ్మూలములను వ్రాయించిరి. పరలోకమును గూర్చి సాక్షులు చెప్పినదానిని ఎట్లు విలువకట్టినను, తమ పుండ్లు కడిగిన చేతినిగూర్చియు, తమకు రొట్టె పెట్టిన యింటినిగూర్చియు చెప్పిన సాక్ష్యమును త్రోసివేయుటకు కారణము కానరాదు.

1440 మార్చి నెలలో కుమారుడు బత్తిస్తాకు జబ్బుచేసినదని తెలిసి, ఆమె తోర్ దె స్పెక్కి విడిచి నదిదాటి చూడబోయెను. కుమారుడు కోలుకొనెను, తల్లి జ్వరపడెను. తాను నాలుగేండ్లుగా నివసించిన నివాసమునకు మరల పోజాలకపోయెను. మార్చి 9వ తేదీన, తాను పండ్రెండేండ్ల కోడలిగా కాలుపెట్టినదియు, బిడ్డలను కని పోగొట్టుకొన్నదియు, రోగులకు పాన్పులు పరచినదియునైన యా త్రాస్తెవెరె యింటనే కన్నుమూసెను. ఆమె దేహమును సాంతా మరియా నోవాలో సమాధిచేసిరి. ఆ దేవాలయమునకు నే డామె పేరే వ్యవహారములో నున్నది. 1608 మే 29వ తేదీన అయిదవ పాల్ పోపు ఆమెను పునీతురాలిగా ప్రకటించెను. బెనెడిక్టు నియమమును ఇంటనుండి పాటించు ఒబ్లేటులు నేటికిని అనేక దేశములలో గలరు. వారు ఆమెను తమ యాదర్శముగా భావింతురు. తోర్ దె స్పెక్కి యిల్లును నిలిచియున్నది. అందలి గోడలపై ఆమె జీవితఘట్టములు 1468లో చిత్రింపబడినవి.

ఈ చరిత్రమునుండి గృహస్థులు గ్రహింపదగినది కష్టమైన తపస్సు కాదు. దినమునం దొక సమయమును, అది యెంత కొద్దిదైనను, ప్రార్థనకై నిర్ణయించి తప్పకుండుట. ఇంటిలోని గింజను, గిన్నెను, పనివాని శ్రమను తన సొత్తుగా గాక తన చేతి కప్పగింపబడిన నిక్షేపముగా చూచుట. ఆ నిర్ణీతసమయముననే ఎవరో పిలిచినప్పుడు విసుగులేక లేచుట. మొదటి రెండును ప్రయత్నముచే కొంతవరకు సిద్ధించును. మూడవది మాత్రము మా అనుభవమున మిక్కిలి దుర్లభము. కక్షిదారు తలుపు తట్టినప్పుడును, బిడ్డ ఒడిలోనికి ఎక్కినప్పుడును చదువుచున్న పుస్తకమును మేమెట్టి ముఖముతో మూయుచున్నామో మాకు తెలియును. తిరిగివచ్చి విడిచిన పంక్తినే మరల నారంభించిన యా యిల్లాలిని తలంచుకొని, రేపు కొంత మేలైన ముఖముతో మూయుదుముగాక.